విశ్రాంతి 90 సెకన్లు

మా కోచ్‌గారి విజిల్‌ని ఎవరైనా ఎత్తుకుపోతే బాగుండునని నెలల తరబడి కోరుకుంటున్నాను. దొంగలకు కూడా అభిరుచి లేదు. గొలుసులు తెంపుతారు, బైకులు తోలుకుపోతారు, ఆయన మెడలో నల్లతాడుకు వేలాడే ఆ ప్లాస్టిక్ ముక్క జోలికి మాత్రం ఒక్కడూ రాడు. మంగళవారం తెల్లవారుజామున అయిదింటికి అది కూస్తుంది. కూస్తే ఉరకాలి. మళ్లీ కూస్తే ఆగాలి. ఆగినవాడికి ఊపిరి అందేలోపే ఇంకోసారి కూస్తుంది. ఇంట్లో కుక్కరు మూడు విజిళ్లతో సరిపెట్టుకుంటుంది. ఈయన పదహారు వేస్తారు.

డాక్టరు నా షుగర్ రిపోర్టు చూసి ఏమన్నాడో, ఇంటికొచ్చాక ఇంట్లో ఏమన్నారో చెప్పనక్కర్లేదు. మీకూ అన్నారు. నడక, నడక మీద చిన్న పరుగు, పరుగు మీద ఖరీదైన బూట్లు, బూట్ల మీద వాట్సాప్ గ్రూపు, ఈ మెట్లన్నీ మీరు ఎక్కినవే. ఒంటరిగా ఉరికినన్నాళ్లూ హాయిగా ఉండేది. అలిసిపోతే నడిచేవాణ్ని, వానొస్తే ముసుగు తన్నేవాణ్ని, ఎవరికీ సంజాయిషీ ఇచ్చే పనిలేదు. గ్రూపులో చేరాక ఎవరో పెద్దమనిషి తీర్మానం పెట్టాడు, ఆగస్టులో హైదరాబాద్ మారథాన్‌కి పోయి అందరం హాఫ్ కొట్టాలని. మనవాళ్ల వేగం చూస్తే గచ్చిబౌలిలో ముగింపు గీత చేరేసరికి దీపాలు పెట్టే వేళవుతుందని ఇంకొకాయన అన్నాడు. దాంతో కోచ్ వచ్చాడు. కోచ్ వెంట ఇంటర్వల్ ట్రైనింగ్ వచ్చింది. 400 మీటర్లు శక్తికొద్దీ ఉరకడం, 90 సెకన్లు ఆగడం, మళ్లీ 400. ఇలా 8 రౌండ్లు. రాకపోతే ఆరుగంటలకల్లా గ్రూపులో మన పేరు పక్కన ఒక ఏడుపు బొమ్మ పడుతుంది. ఆ బొమ్మను మా ఆవిడ కూడా చూస్తుంది.

ఎవరిని తిట్టుకోవాలో తెలిస్తే సగం భారం దిగుతుందని ఆరా తీశాను. 1930లలో జర్మనీలో వోల్డెమార్ గెర్ష్‌లర్ అనే కోచ్, హెర్బర్ట్ రైన్‌డెల్ అనే గుండె డాక్టరు కలిసి ఈ పద్ధతికి ఒక శాస్త్రం కట్టారట. గుండెను నిమిషానికి 180 దాకా కొట్టించాలి, తర్వాత ఆపాలి. 90 సెకన్లలోపు 120కి దిగితే సరే, దిగకపోతే ఉరికింది ఎక్కువైందన్నమాట, తగ్గించాలి. వాళ్ల శిష్యుడు రుడాల్ఫ్ హార్బిగ్ 1939లో మిలాన్‌లో 800 మీటర్లను 1 నిమిషం 46.6 సెకన్లలో ముగించాడు. అంతసేపట్లో నేను మొదటి 400 కూడా దాటను. అది అటుంచండి. నన్ను కట్టిపడేసింది ఇంకో సంగతి. గుండె గట్టిపడేది ఉరుకుతున్నప్పుడు కాదు, ఆగినప్పుడే అని వాళ్లు నమ్మారు. అంటే మందంతా విశ్రాంతిలోనే ఉంది! తిడదామని పోయినవాణ్ని దండం పెట్టి వచ్చాను. ఈ ముక్క కోచ్‌గారికి చెప్పాను. ఆయన సగం విని విజిల్ వేశారు.

పైగా ఆ 180 నాకు చెల్లదు. 220లోంచి వయసు తీసేయమంటారు కదా, నాకు 54, మిగిలేది 166. అంతకు మించి కొట్టించడమంటే హద్దు దాటి పక్కవాడి సర్వే నంబరులో కాలు పెట్టడమే.

హద్దు అన్నాను కాబట్టి పెద్దసారు ముచ్చట చెప్పాలి. చెప్పకుండా ముందుకు పోవడం కుదరదు, మా ఇంటర్వల్స్‌లో సగం ఆయనే.

పెద్దసారు రిటైర్డ్ హెడ్‌మాస్టరు. నాకంటే పదేళ్లు పెద్ద, నాకంటే ముందు ఉరుకుతారు. ఆయనకు కోదాడ బైపాస్ దగ్గర 200 గజాల ప్లాటు ఉంది. చుట్టూ కడీలు పాతించి, నాలుగు మూలలా హద్దురాళ్లు వేయించి, రెండేళ్లు అటు వైపు చూడలేదు. మూడో ఏడు చూసేసరికి తూర్పువైపు రాయి మూడడుగులు లోపలికి నడిచి వచ్చింది. కథ ఇంతే. టీ తాగుతూ చెబితే ఒక గ్లాసు. కానీ ఆయన దాన్ని టీ దగ్గర చెప్పరు. టీ దగ్గర ఆయనకు అల్లుడి వీసా కథ వేరే ఉంది. రాయి కథ గ్రౌండులోనే, అదీ రౌండుకూ రౌండుకూ మధ్యనే.

8 రౌండ్ల మధ్య 7 విశ్రాంతులు. ఒక్కోదానిలో మొదటి 40 సెకన్లు ఆయనకు మాట రాదు, మాకు చెవులు పనిచేయవు. మిగిలేది 50. ఏడు యాభైలు మూడువందల యాభై సెకన్లు, అంటే వారానికి ఆరు నిమిషాలు కూడా లేదు. అందులో ప్రతిసారీ పది సెకన్లు పాత కథ అందుకోవడానికే పోతాయి.

"ఎక్కడిదాంక చెప్పిన?"

"సర్వేయర్ బండి దిగిండు సార్."

"ఆఁ, దిగిండు. దిగి ఏం జేసిండు..."

విజిల్.

ఇక ఆ 400 మీటర్లు నా కాళ్లు ఏం చేస్తున్నాయో నాకు తెలియదు. దిగి ఏం చేసి ఉంటాడు? నక్షా విప్పాడా? రాయి దగ్గరికి పోయాడా? పక్క ప్లాటాయన ఎదురొచ్చాడా? నాలిక బయటపెట్టి గీత దాటి, మోకాళ్ల మీద చేతులాన్చి, ఆ 40 సెకన్లూ ఓపిక పట్టాక పెద్దసారు అంటారు, "నీళ్లడిగిండు." మిగిలిన 40 సెకన్లూ నీళ్లే. బబుల్ లేదు, బావమరిదిని కొట్టుకు తోలారు, కొట్టువాడి దగ్గర చిల్లర లేదు. విజిల్. పెద్దగట్టు జాతర నాటికి సర్వేయర్ బండి దిగాడు. ఉగాది పోయింది, మృగశిర కార్తె కూడా వచ్చింది. కొలిచే గొలుసు ఇంకా సంచిలోనే ఉంది.

ఇంకో చిక్కు. పెద్దసారు ముందు బ్యాచి, నేను వెనక బ్యాచి. నేను గీత చేరేసరికి అక్కడ కథ మొదలై సగమవుతుంది. మిర్యాలగూడలో రైస్ మిల్లున్న ఒకాయన నాకు జరిగిన భాగం చెబుతాడు గానీ మనిషి వ్యాపారి, అన్నీ చెప్పడు, కొంత దగ్గర పెట్టుకుంటాడు. కథ పూర్తిగా కావాలంటే ముందు బ్యాచిలోకి పోవాలి, పోవాలంటే 400కి పది సెకన్లు తగ్గించాలి. తగ్గించాను. కోచ్‌గారు పొంగిపోయి నా టైములతో గ్రాఫు గీసి గ్రూపులో పెట్టారు. 'పట్టుదల ఉంటే వయసు అడ్డం కాదు' అని కింద రాశారు. అడ్డమైనది వయసు కాదు, కోదాడ రాయి అని ఆయనకు ఎవరూ చెప్పలేదు. నా వెనకే ఇంకో ముగ్గురు వేగం పెంచారు. గ్రాఫులు చూసి ఆయన 8 రౌండ్లను 10 చేసే ఆలోచనలో ఉన్నారు. మేం ఎదురు చెప్పడం లేదు, రెండు విశ్రాంతులు కలిసొస్తాయి.

గెర్ష్‌లర్ లెక్క మాత్రం మాకు కుదరలేదు. ఆగినప్పుడు గుండె 120కి దిగాలన్నాడు. ఎట్లా దిగుతుంది? మొన్నటి మంగళవారం పక్క ప్లాటాయన కొడుకు గడ్డపార పట్టుకొని గేటు దగ్గరికి వచ్చిన చోట విజిల్ పడింది. నా చేతి వాచీ ఎర్రగా వెలిగి, తక్షణం కూర్చోమంది.

నెలకో ఆదివారం సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ మూడూళ్లవాళ్లం ఒకచోట కలుస్తాం. అంటే అయిదు కిలోమీటర్లు ఉరకడానికి నలభైకి పైగా కిలోమీటర్లు కారులో పోతాం. డీజిల్ సంగతి అడగొద్దు. కోదాడలో అయితే పెద్దచెరువు కట్ట మీద. అక్కడికి జగ్గయ్యపేట నుంచి ఇద్దరు వస్తారు, రాష్ట్రం దాటి వచ్చి ఆయాసపడి మళ్లీ రాష్ట్రం దాటి పోతారు. మిర్యాలగూడలో అయితే సాగర్ ఎడమ కాలువ గట్టు. 1967లో కాలువలోకి నీళ్లొచ్చాయి. నీళ్ల వెంట వరి వచ్చింది, వరి వెంట మిల్లులు వచ్చాయి, మిల్లుల వెంట ఊక బూడిద వచ్చింది. ఆ బూడిద ఇన్నేళ్లకు నా కంట్లోకి వచ్చింది. నోరు తెరిచి ఉరికితే అదే తొలి టిఫిన్. మిల్లాయన్ని అడిగితే గాలి ఎటు నుంచి వస్తుందో చేయి పెట్టి చూసి, "అది మాది కాదు సార్, పక్క మిల్లుది" అంటాడు.

ఊపిరాడటం లేదంటే కోచ్‌గారు వెంటనే జాటోపెక్‌ను దింపుతారు. ఎమిల్ జాటోపెక్ చెకోస్లోవాకియా సైనికుడు, మంచులో మిలటరీ బూట్లతో 400 మీటర్లు పదుల సార్లు ఉరికి ఉరికి, 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో 5,000, 10,000, మారథాన్ మూడూ గెలిచాడు. అంతకు ముందు మారథాన్ ముఖం చూసినవాడు కాదు. అదే ఒలింపిక్స్‌లో ఆయన భార్య డానా జావెలిన్‌లో ఇంకో బంగారం కొట్టింది. కోచ్‌గారు భార్య సంగతి చెప్పరు, అది నేను చదువుకున్నాను. మా ఇంట్లో నేను తెచ్చిన ఫినిషర్ మెడల్ స్టోర్ రూమ్ తలుపు గాలికి కొట్టుకోకుండా గొళ్లేనికి కట్టి ఉంది.

ఇవన్నీ నవ్వుకోవడానికే గానీ ఒక్కటి మాత్రం నవ్వులాట కాదు. మూడూళ్లలో ఎక్కడ ఉరికినా ఎవరిదో ఒకరి దారిలో అడ్డంపడి ఉరుకుతున్నాం. సూర్యాపేటలో సద్దల చెరువు కట్ట చూడముచ్చటగా చేశారు. కానీ అక్కడ నలుగురు వదినా మరదళ్లు వరసగా చేతులూపుకుంటూ నడుస్తుంటే వెనక నుంచి "సైడ్" అనే ధైర్యం ఎవరికుంది? వీధుల్లో ఉరికితే కుక్కలు. అవి మనల్ని ఇంటర్వల్ లేకుండా ఉరికిస్తాయి. హైవే పక్కన ఉరికితే లారీలు. చివరికి కాలేజీ గ్రౌండే దిక్కు. 2016 దసరాకి సూర్యాపేట జిల్లా అయింది, ఊరి బోర్డులన్నీ మారాయి. మా గ్రౌండులో 400 మీటర్ల గీత మాత్రం మేమే టేపు పట్టుకొని ముగ్గుపిండితో పోసుకుంటున్నాం. రాత్రి వాన పడితే పొద్దున మళ్లీ టేపు. కార్లకు సర్వీసు రోడ్డు ఉంటుందని అందరికీ తెలుసు. కాళ్లకు కూడా ఏదో ఒకటి ఉండాలని ఇంకా ఎవరికీ తట్టలేదు.

ఆ గ్రౌండుకు అసలు హక్కుదారులు కూడా మేం కాదు. మాకంటే ముందే, నాలుగున్నరకే, పోలీసు ఉద్యోగాలకు తయారయ్యే పిల్లలు వచ్చేస్తారు. 2022 నోటిఫికేషన్‌లో మగపిల్లలకు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లు, ఆడపిల్లలకు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లు పెట్టారు. వాళ్ల నోట ఇప్పటికీ అవే లెక్కలు. వాళ్లు చేసేదీ మేం చేసేదే, 400, ఆగడం, మళ్లీ 400. విజిల్ లేదు, కోచ్ లేడు, జర్మన్ల సంగతి వాళ్లకు అక్కర్లేదు.

మొన్న వాళ్లలో ఒకడు నా దగ్గరికి వచ్చాడు. వాచీ వంక చూసి, "సార్, దీంట్ల టైం కరెక్టుగ వస్తదా?" అన్నాడు. వస్తుందన్నాను. "నాలుగు రౌండ్లు ఉరుకుత, జర మీరు పట్టండ్రి. మా దోస్తుగాడు పడితే రోజూ పాసే అయితున్న."

తెల్ల కాన్వాసు బూట్లు, ఒకదాని ముందు భాగం విడిపోతే నీలం నైలాను దారంతో కుట్టి ఉంది. కుట్టు దగ్గర దగ్గరగా, ఓపికగా, ఇంట్లో ఎవరో వేసినట్టుంది. వాడు ఉరికాడు. మూడో రౌండులో భుజాలు పైకి లేచాయి, నాలుగో రౌండులో తల వెనక్కి వాలింది. గీత దాటి పది అడుగులు అవతల ఆగి, అక్కడి నుంచే "ఎంత సార్?" అన్నాడు.

7 నిమిషాల 23 సెకన్లు. చెప్పాను.

"నిన్న 6:58 అన్నడు" అని కాసేపు నేల చూశాడు. తర్వాత తనే, "మంచోడే సార్ వాడు" అన్నాడు.

నేను 400కి పది సెకన్లు తగ్గించింది ఒక కథ వినడానికి. వాడికి 1600కి ఎనిమిది తగ్గాలి. నాకు తగ్గకపోతే ఏమవుతుంది, మళ్లీ మంగళవారం వస్తుంది. వాడికి నోటిఫికేషన్ ఎప్పుడు వస్తుందో, అది వచ్చేనాటికి వయసు మిగులుతుందో లేదో. ఎన్నేళ్లు నీకు అని అడగబోయి ఊరుకున్నాను. అడిగితే దాచేవాడు కాదు, అందుకే అడగలేదు. రక్తంలో చక్కెర దిగడానికి నేనూ, కడుపులోకి నాలుగు మెతుకులు ఖాయం కావడానికి వాడూ, ఒకే ముగ్గు గీత మీద ఒకే దిక్కుకు ఉరుకుతున్నాం. ఇందులో నాకు ఏ లెక్కా తేలలేదు.

ఏదో ఒకటి అనాలి కదా అని, "మా బ్యాచిలోకి రా, కోచ్‌గారున్నారు, ఫీజేం లేదు, ఎనిమిది సెకన్లు నెలలో దించుతారు" అన్నాను.

వాడు మావాళ్ల వైపు చూశాడు. అక్కడ పెద్దసారు చేయెత్తి గాలిలో రాయి ఎత్తు చూపిస్తున్నారు, చుట్టూ ఏడుగురు నడుం మీద చేతులేసుకొని వింటున్నారు.

"వద్దు సార్. మీరు నడిమధ్యల ముచ్చట్లు శానా పెడతరు."

ఈ మాట కోచ్‌గారి చెవిన వేయలేదు. వేస్తే రేపు మంగళవారం నుంచే 90ని 60 చేస్తారు. అక్కడ చూస్తే సర్వేయర్ ఇప్పుడిప్పుడే సంచి మూతి విప్పుతున్నాడు.