ఇద్దరంటే ఏ ఇద్దరు?

డాలస్‌లో ఎండ వంద డిగ్రీలు దాటితే మనవాళ్ళందరి చూపూ నీళ్ళ వైపే. లూయిస్‌విల్ లేక్ మాకు దగ్గరే. అద్దె పడవలు దొరుకుతాయి గానీ, గంటకింత అని మీటరు తిరుగుతుంటే పులిహోర గొంతు దిగదు. గాలి కొట్టుకునే పడవ ఒకటి కొనేద్దామని ఇంట్లో తీర్మానించారు. ఏది కొనాలో తేల్చే పని మాత్రం నాకు పడింది.

ముందు కంటబడింది ఇంటెక్స్ వాళ్ళ ఎక్స్‌ప్లోరర్ 200. చవక. ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, ఇద్దరు ఎక్కొచ్చట. దాంతోపాటే మొయ్యగలిగే బరువు 210 పౌండ్లని కూడా ఉంటుంది. అంటే 95 కిలోలు. ఆ లెక్కలో సరిపోయే ఇద్దరూ ఇంకా బడికి వెళ్తూ ఉండాలి. నేనెక్కాక మిగిలే బరువుకి ఓ పుచ్చకాయ ఎక్కించుకోవచ్చు, అదీ చిన్నదైతే.

మా ఆవిడ మనసు ఇద్దరు కూర్చునే గాలి కయాక్ మీద పడింది. ఫొటోల్లో బాగుంటుంది. కాకపోతే అందులో ఒకరి వెనక ఒకరు కూర్చుని ఒకే లయలో తెడ్డు వెయ్యాలి. మాకు కాస్ట్‌కోలో బండి ఎటు తొయ్యాలన్న దాని మీదే ఏకాభిప్రాయం లేదు. ఇక హైపలాన్ అనే రబ్బరుతో చేసిన పడవలున్నాయి. ఎండకి పీవీసీ కంటే బాగా తట్టుకుంటాయి. వాటి ధరకి మనం తట్టుకోవాలి.

చివరికి మిగిలింది సీహాక్ 4. పదకొండున్నర అడుగులు, 880 పౌండ్లు. ఎంతమందికన్న మాట పక్కనపెట్టి పౌండ్లు చూసుకోండని నా సలహా, ఎందుకంటే మనవాళ్ళలో మనుషులు మాత్రమే బయల్దేరరు. కూలరు, చాప, పెరుగన్నం గిన్నె, ఎందుకైనా మంచిదని ఇంకో గిన్నె. అందుకని ఇండియా వెళ్ళేటప్పుడు సూట్‌కేసులు పట్టుకుని ఎక్కే బరువు మిషన్ హాల్లోకి తెచ్చాను. పిల్లలు ఎగిరి ఎక్కారు. మా ఆవిడ మాత్రం కూలర్ ఎత్తుకుని ఎక్కింది. అంకె నేను చదివేలోపే దిగిపోయి, ఎక్కువేదైనా ఉంటే అది కూలర్‌దేనంది.

మా అమ్మది సఖినేటిపల్లి. అవతలి ఒడ్డున నరసాపురం, మధ్యలో గోదావరి, మనుషుల్నీ మోటారు సైకిళ్ళనీ దాటించడానికి పంటు. కొని తెచ్చి హాల్లో పరిచిన పడవని ఓ చుట్టు చుట్టి, "ఒరేయ్, ఇందులో మోటారు సైకిలు పడుతుందా?" అనడిగింది. పడదన్నాను. "మరి దీనికేం చూసిరా అన్ని డాలర్లు?" గాలి ఒకే చోట కాకుండా విడివిడి అరల్లో ఉంటుందనీ, ఒకటి చిల్లుపడినా మిగతావి తేల్చి ఉంచుతాయనీ చెప్పాను. చిల్లు అన్న మాట దగ్గరే ఆవిడ వినడం ఆపేసింది.

లేక్ దగ్గర తెలుసుకోవాల్సినవి వేరే ఉన్నాయి. ఎండలో గట్టిగా గాలి కొట్టి వదిలేస్తే లోపలి గాలి వ్యాకోచించి అతుకుల్ని లాగేస్తుంది. నీళ్ళలోకి దించితే ఆ గాలి చల్లబడి పడవ మెత్తబడుతుంది, మళ్ళీ కొట్టాలి. లైఫ్ జాకెట్లు ఎక్కే ప్రతివాళ్ళకీ ఉండాలి. పదమూడేళ్ళలోపు పిల్లలు తొడుక్కునే ఉండాలన్నది టెక్సాస్ చట్టం. మావాడు అది స్కూలుకి కూడా తొడుక్కెళ్తానంటున్నాడు.

తెడ్లు వేసేవాడికి వెళ్ళే దిక్కు కనబడదు, వీపు అటుంటుంది. అందుకని దారి చెప్పే పని మిగతావాళ్ళు పంచుకున్నారు. "ఎడమకి!" "నీ ఎడమ కాదు నాన్నా, నా ఎడమ!" "అబ్బ, కాసేపు ఆగండి, ఫొటో!" పైగా తేలిక పడవ కదా, ఒక తెడ్డు కాస్త బలంగా పడితే చాలు, బొంగరంలా ఉన్నచోటే తిరుగుతుంది. గాలి మళ్ళితే మనం ఎటు తోసినా అది గాలి మాటే వింటుంది.

మా అమ్మ ఎక్కలేదు. పంటయితే వచ్చేదాన్నంది. ఒడ్డున చెట్టు కింద కుర్చీ వేసుకుని, కూలర్ పక్కనే పెట్టించుకుని కూర్చుంది. ఆకలేస్తే వాళ్ళే వస్తార్లెమ్మని ఆవిడ ధీమా.