నేను, రూపాయిలో పావుని

నా ఒంట్లో నాలుగు లోహాలున్నాయి. సగం వెండి, నూటికి నలభై పాళ్లు రాగి, మిగిలిన పదిలో నికెల్, జింకు చెరి సగం. రెండో ప్రపంచ యుద్ధంలో వెండికి కటకట వచ్చి, 1940 నుంచి సర్కారు ఈ మిశ్రమంతో నాణేలు కొట్టించింది. దానికి పెట్టిన పేరు క్వాటర్నరీ సిల్వర్, నాలుగింటి కలయిక అని. ఒక వైపు ఆరో జార్జి, రెండో వైపు 1943. రూపాయి తులం ఎత్తు, అంటే 180 గ్రెయిన్లు. నేను 45. అదే ఏడు పుట్టిన చిల్లుకానీ వరసకు నా తమ్ముడు, వాడు అణాలో పావు. ఒంట్లో నాలుగు, విలువలో నాలుగో వంతు. ఇక నాలుగు గురించి నాకు కాక ఇంకెవరికి పట్టింపు?

నన్ను సికింద్రాబాదు చేర్చింది ఒక తెల్ల సోల్జరు జీతం. హుస్సేన్ సాగర్ అవతల హైదరాబాదులో నిజాం గారి హాలీ సిక్కా నడిచేది, ఇవతల కంటోన్మెంటులో మా కలదార్. మావి ఆరు రూపాయలిస్తే వాళ్లవి ఏడు వచ్చేవి. అందుకని మాకు కొంచెం టెక్కు.

సోల్జరు జేబులో ఊళ్లోంచి తెచ్చుకున్న ఫార్దింగు ఒకటి ఉండేది. పెన్నీలో పావు. పాత ఇంగ్లీషులో ‘నాలుగోది’ అన్న మాటే అరిగి అరిగి అలా మిగిలింది. వాళ్ల బీరు పీపాల్లో చిన్నది ఫిర్కిన్, బ్యారెల్లో పావు. ఆ మాటలోని నాలుగు డచ్చి వాళ్లది. ఇక లాటిన్ నాలుగు కంటోన్మెంటంతా పరుచుకుని ఉండేది. ఊరిని నాలుగుగా విడదీస్తే ఒక్కో భాగం క్వార్టరు, ఆ భాగంలో దొరికిన బసా క్వార్టరే, బస చూసే అధికారి క్వార్టర్‌మాస్టరు. నాలుగు పలకలుగా నిలబడితే స్క్వేరు. స్క్వాడూ స్క్వాడ్రనూ అందులోంచి నడిచి వచ్చినవే. నలుపలకలుగా రాయి చెక్కే చోటు క్వారీ.

ఇంత నాలుగు సంపద ఉన్నవాళ్లు రాత్రి నడుం వాల్చే మంచానికి మాత్రం మన దగ్గర చేయి చాచారు. చార్పాయ్, నాలుగు కాళ్లది, వాళ్ల నిఘంటువులోకి ఎక్కేసింది. మన పావు కూడా కాలే. సంస్కృతంలో పాదం. పశువుకు నాలుగు కాళ్లు కనుక ఒక కాలు నాలుగో వంతు, పద్యానికీ అదే లెక్క. వాళ్లు వరసలో నాలుగోదాన్ని ఎంచారు, మనవాళ్లు ఆవు కాళ్లు చూసుకున్నారు. నా ఓటు ఆవుకే.

సోల్జరు ఓడెక్కాక లాలాగూడ రైల్వే వర్క్‌షాపు ఫిట్టరు చేతిలో పడ్డాను. ఆయనది రైల్వే క్వార్టర్స్. ఉన్నది రెండు గదులైనా పేరు బహువచనమే. కూతురికి కాగితాలు కొనడానికి జనరల్ బజారులో నన్నిచ్చేశాడు. మన దస్తాను ఇంగ్లీషులో క్వయర్ అంటారు. నాలుగు తావులు మడిచిన కట్టకు పుట్టిన పేరది. తావులు 24 అయ్యాయి, పేరు నాలుగు దగ్గరే ఆగిపోయింది.

కాగితాల కొట్టు నుంచి చిల్లరగా వెస్ట్ మారేడ్‌పల్లిలో ఒక ఇంగ్లీషు మాస్టారింటికి వచ్చాను. నికెల్ నాణేలు దిగాక, వెండి కలిసినదని ఆయన నన్ను సొరుగులో దాచారు. సాయంత్రాలు వసారాలో పిల్లలకు పాఠం చెప్పేవారు, నేనూ వినేదాన్ని. నాకు బాగా గుర్తున్నది రొనాల్డ్ రాస్ పాఠం. 1897 ఆగస్టు 20న బేగంపేటలో ఆ డాక్టరు దోమ పొట్టలో మలేరియా క్రిమిని పట్టుకున్నాడు. ఆ దోమలకు రక్తమిచ్చిన రోగి హుసేన్ ఖాన్‌కు, కుట్టిన దోమకు అణా చొప్పున ముట్టజెప్పాడట. నాలుగు దోమలు కుడితే ఒక పావలా! అందులో మా పూర్వీకులు ఎవరైనా చేతులు మారారేమో.

ఆ మలేరియాలో ఒక రకం పేరు క్వార్టన్. 72 గంటలకోసారి తిరగబెడుతుంది. గంటల్లో చూస్తే మూడు రోజులే కదా, నాలుగెలా అయిందని ఒక పిల్ల అడిగింది. రోమన్లు జ్వరం వచ్చిన రోజును కూడా కలిపి లెక్కపెట్టేవారన్నారు మాస్టారు. మన ఆయుర్వేదం లెక్కా అదే, చతుర్థక జ్వరం. ఎక్కడి రోమ్, ఎక్కడి మన వైద్యులు! చలికి వణుకుతూ ఇద్దరూ ఒకేలా వేళ్లు మడిచారు.

అన్ని ‘క్వా’లూ మా చుట్టాలు కావు. క్వారంటైన్ నలభై రోజుల లెక్క, దూరపు బంధువు. తగవులాడుకునే క్వారెల్‌కూ మాకూ ఏ సంబంధమూ లేదు, అది లాటిన్ ఫిర్యాదు. నాణేన్ని కనుక నాకు ముద్దొచ్చేది గ్రీకు ట్రపెజా. నాలుగు కాళ్ల బల్ల. డబ్బు మార్చేవాళ్లు దాని ముందే కూర్చునేవారు, అందుకే గ్రీసులో ఇప్పటికీ బ్యాంకు పేరు ట్రపెజాయే. ట్రెపీజియం గీసే పిల్లలు ఆ బల్ల బొమ్మే గీస్తున్నారని వాళ్లకు తెలియదు.

1957 ఏప్రిల్ 1న పావలా అంటే 25 నయాపైసలయింది. 2011 జూన్ 30తో పావలా నాణెం చెల్లుబాటే ఆగిపోయింది. పేరు మాత్రం ఆగలేదు. అంతకు ముందే సర్కారు మహిళా సంఘాలకు పావలా వడ్డీ అంది, నూటికి నెలకు పావలా, ఏడాదికి మూడు రూపాయలు. బ్యాంకు మేనేజర్లు కూడా పావలా వడ్డీ అనే పలికారు.

ఇప్పుడు మాస్టారి మనవడు అదృష్టమని నన్ను పర్సులో వేసుకు తిరుగుతాడు. వారాంతాల్లో వైన్ షాపు కిటికీ దగ్గర అతని నోట మా ఇంటిపేరు వింటుంటాను, “అన్నా, ఒక క్వార్టర్.” ఫుల్ బాటిల్ 750 మిల్లీలీటర్లు, అందులో పావు 187న్నర. సీసా మీద 180 అని ఉంటుంది. ఆ ఏడున్నర ఏమైందని క్యూలో ఒక్కరూ అడగరు, వాళ్ల తొందర వాళ్లది.