పెంటయ్య మనవడి లెక్కలు

"మా తాతమ్మ పదిమందిని పెంచింది. ఒక్కరికీ టీకా వేయించలేదు. అందరూ గుండ్రాళ్లలా బతికారు." ఫ్యామిలీ గ్రూపులో ఈ మెసేజీ తెల్లారేసరికి దిగిపోతుంది, కింద చేతులు జోడించిన బొమ్మతో సహా. పంపిన పెద్దమనిషి తాతగారి పేరు పెంటయ్య.

ఆ పేరు ఎందుకు పెట్టారో ఆయన ఎన్నడూ అడిగినట్టు లేదు. పుట్టిన బిడ్డ పుట్టినట్టే పోతుంటే, తర్వాత పుట్టినవాణ్ని పెంటకుప్ప మీద పడుకోబెట్టి, 'ఈ బిడ్డ మాకొద్దు' అని యముడికి వినబడేలా అని, మళ్లీ ఇంటికి తెచ్చుకునేవారు. వాడు పెంటయ్య. ఎంగిలి విస్తళ్ల మీద పొర్లిస్తే పుల్లయ్య. టీకాలు లేని కాలంలో మన ఊళ్లలో శిశు రక్షణ పథకం అదే. కొందరికి ముక్కు కూడా కుట్టేవారు కాబట్టి, ఒక్క సూదీ పడలేదనడమూ పూర్తిగా నిజం కాదు.

పదిమంది బతికారంటే పదిమందే పుట్టారని కాదు. పోయినవాళ్లు కాదనడానికి గ్రూపులో లేరు, అంతే. 1951లో దేశంలో వెయ్యిమంది పుడితే 146 మంది ఏడాది నిండకుండానే కన్నుమూసేవారు. 2020కి ఆ లెక్క 28. ఈ ఘనతంతా టీకాలదే కాదు. తిండి, ఆసుపత్రి కాన్పులు, మంచినీళ్లు కూడా ఉన్నాయి. కానీ మశూచి మంచినీళ్లతో పోలేదు. దేశంలో సహజ పోలియో వైరస్ చివరి కేసు 2011 జనవరిలో హౌరాలో బయటపడింది. అదీ ఇంటింటికీ తిరిగి చుక్కలు వేస్తేనే ఆగింది.

రెండో మెసేజీ, టీకాలతో ఆటిజం వస్తుందని. 1998లో వేక్‌ఫీల్డ్ అనే బ్రిటిష్ డాక్టరు 12 మంది పిల్లలను చూపించి రాసిన వ్యాసం దీనికి మూలం. లాన్సెట్ పత్రిక 2010లో దాన్ని వెనక్కి తీసుకుంది; అదే ఏడు ఆయన డాక్టరుగిరీ కూడా ఊడింది. వాట్సాప్ మాత్రం ఇంకా వెనక్కి తీసుకోలేదు.

ఈ పెద్దమనిషి ఎడమ భుజం మీద బీసీజీ మచ్చ ఉంది. వీధికుక్క కరిచినప్పుడు గంటలో సూదిమందు వేయించుకున్నాడు, అందులో ఏం కలిపారో అడగలేదు.

ఆ ఇంట్లో పదో నెల మనవరాలి కార్డులో తొమ్మిదో నెల గడి ఖాళీగా ఉంది. అక్కడ పడాల్సింది తట్టు టీకా. తట్టు ఉన్న మనిషి గదిలోంచి వెళ్లిపోయినా, దాని వైరస్ రెండు గంటల దాకా గాలిలో ఉంటుంది. అంగన్‌వాడీలో టీకా వేసే రోజు ఏదో ఏఎన్‌ఎంను అడిగితే చెబుతుంది, డబ్బు అడగదు. తాతగారూ, ఫోను పక్కన పెట్టి పాపను ఎత్తుకెళ్లండి.