నోటీసు నేనే రాశాను

పన్నెండేళ్లు అనుభవిస్తే స్థలం వాళ్లదైపోతుందట, అని ఎవరో పెళ్లి పంక్తిలో అన్నారు. నాకు గారె గొంతు దిగలేదు. ఊళ్లో మాకు ఆరు సెంట్ల దొడ్డి ఉంది. నాన్న ఉన్న రోజుల్లోనే పక్కింటి బాబాయిని గేదెలు కట్టుకోమన్నాడు. గడ్డివామి, పేడదిబ్బ, రేకుల కొట్టం అన్నీ అక్కడే. అద్దె అంటారా, మేం వెళ్లినప్పుడల్లా గిన్నెడు మీగడ పెరుగు. పన్నెండేళ్లు ఎప్పుడో దాటిపోయాయి.

ఆ రాత్రి ఫోనులో చట్టం చదివాను. 1963 నాటి లిమిటేషన్ చట్టం, ఆర్టికల్ 65: హక్కుదారు తన ఆస్తి స్వాధీనం కోసం దావా వేయడానికి గడువు 12 ఏళ్లు. ఆ గడువు దాటేదాకా స్థలాన్ని అనుభవించినవాడు తానే వాదిగా కోర్టుకెక్కవచ్చని 2019లో సుప్రీంకోర్టు చెప్పింది కూడా. గుండెదడకి అది చాలు. ఆ పన్నెండేళ్లు ఎప్పటినుంచి లెక్కించాలో కూడా అక్కడే ఉంది: స్వాధీనం హక్కుదారుకు ప్రతికూలంగా మారిన రోజు నుంచి. ‘ప్రతికూలంగా’ అన్న మాటని చదివాను గానీ పట్టించుకోలేదు.

ప్లీడరు దగ్గరికెళ్తే ఫీజు దండగ. పైగా ఎమ్మే తెలుగు చదివినవాణ్ణి, ఒక నోటీసు రాయలేనా? ‘మీరు నా అనుమతి లేకుండా, నా హక్కును ధిక్కరించి, నలుగురికీ తెలిసేలా, గత పదిహేనేళ్లుగా ఎడతెగకుండా నా స్థలాన్ని కబ్జా చేసి అనుభవిస్తున్నారు’ అని రాశాను. ‘ధిక్కరించి’ దగ్గర ఆగి నన్ను నేనే మెచ్చుకున్నాను. సంతకం పెట్టి రిజిస్టర్డ్ పోస్టులో పంపాను.

తర్వాత తెలిసిన ప్లీడరు గారికి కాపీ చూపించాను, శభాష్ అంటారని. ఆయన రెండుసార్లు చదివి కళ్లజోడు తీశారు.

“ఇది అవతలివాళ్ల ప్లీడరు రాసిచ్చాడా?”

“కాదండీ, నేనే.”

“బహిరంగంగా ఉన్నామని, ఎడతెగకుండా ఉన్నామని, అసలాయన హక్కును కాదని ఉన్నామని రుజువు చేయడానికి వాళ్లు నానా తంటాలు పడాలి. మూడూ మీరే ఒప్పేసుకున్నారు. కోర్టులో సర్ది చెప్పుకోవచ్చు లెండి. ఇప్పుడు ఆ పని మీమీద పడింది.”

మీ నాన్న ఉండమంటే ఉన్నవాడి స్వాధీనం చట్టం దృష్టిలో మీదే, పన్నెండేళ్లు కాదు యాభై ఏళ్లున్నా, ఉన్నంతమాత్రాన హక్కు రాదు అన్నారు. అడంగల్లో పట్టాదారుకో గడి, అనుభవదారుకో గడి ఎందుకుంటాయో అప్పటిదాకా నేను ఆలోచిస్తేగా! కబ్జా దగ్గరైతే ఆయనకి నవ్వాగలేదు. తెలంగాణ పాత దస్తావేజుల్లో అమ్మినవాడే కొన్నవాడికి కబ్జా ఇచ్చేవాడట. అక్కడ అది ఉత్త స్వాధీనం. పేపర్లు చదివీ చదివీ నాకది దౌర్జన్యం ఒక్కటే అయి కూర్చుంది.

ప్లీడరు గారు ఇంకో కాగితం తయారుచేశారు: ‘మీ నాన్నగారి అనుమతితోనే ఉంటున్నాను, స్థలం మీద నాకు హక్కు లేదు’ అని బాబాయి సంతకం పెట్టాలి. అది పట్టుకుని ఊరెళ్లాను. బాబాయి చదువుకోలేదు. నా నోటీసు మనవరాలి చేత చదివించుకున్నాడు. ధిక్కరించడమంటే ఏమిటి తాతా అని ఆ పిల్ల అడిగిందట. పిన్ని నాకు మంచినీళ్లిచ్చింది గానీ ఎప్పుడొచ్చావని అడగలేదు. బాబాయి కొత్త కాగితం కూడా చదివించుకుని, మడిచి నా చేతిలో పెట్టాడు.

“మొన్న దాంట్లో చెప్పకుండా జొరబడ్డానన్నావు. ఇవాళ దీంట్లో మీ నాన్నే పెట్టాడంటున్నావు. రెండూ నువ్వు తెచ్చిన కాగితాలే కదరా అబ్బాయ్. ఏది నిజమో తేల్చుకుని రా, అప్పుడు వేలిముద్ర వేస్తాను.”