నా ఒక్కపొద్దుల లెక్క

మా అబ్బాయి రోజుకి పదహారు గంటలు పస్తుంటాడు. రాత్రి ఎనిమిదికి కంచం ముందు నుంచి లేచాడంటే మర్నాడు మధ్యాహ్నం దాకా పాలూ చక్కెరా లేని కాఫీ తప్ప ఏదీ ముట్టడు. దానికి ఫోన్లో ఒక యాప్, అది మోగించే గంట. ఎందుకురా అంటే పొట్ట తగ్గాలంటాడు. అదే మనిషి ఈ ఫిబ్రవరి 18న, తపస్సు కాలం మొదలయ్యే విభూది బుధవారం పొద్దున్నే నా గది గుమ్మంలో నిలబడి, "నాన్నా, ఇవాళ మీటింగులు ఎక్కువున్నాయి, ఒక్కపొద్దు కష్టమేమో" అన్నాడు. నేనేమీ అనలేదు. నోయిడాకి వచ్చాక నేను అలవాటు చేసుకున్న తపస్సు అదొక్కటే.

మా రోజుల్లో ఆ మాట ఇంట్లో అని బతికి బట్టకట్టగలిగేవాళ్ళమా!

మాది గుంటూరు జిల్లా ఫిరంగిపురం. మిల్‌హిల్ సభ గురువుల చేతుల మీదుగా లేచిన బాలయేసు గుడి నీడలో పెరిగినవాణ్ణి. పాస్కా (ఈస్టర్) ముందు నలభై రోజుల తపస్సు కాలం వచ్చిందని క్యాలెండర్ చూడక్కర్లేదు, ముక్కుకే తెలిసేది. మంగళవారం రాత్రి వీధంతా కోడికూర, బుధవారం నుంచి పచ్చిపులుసు. పీఠం మీద పువ్వులుండవు. హార్మోనియం పెట్టెకి గుడ్డ కప్పేవాళ్ళు. ఎవరైనా పెళ్ళి మాట ఎత్తితే మా నాయనమ్మ, "పాస్కా వెళ్ళనీయండి" అని నోరు మూయించేది. ఆఖరి రెండు వారాలు గుళ్ళో స్వరూపాలన్నిటికీ ఊదారంగు గుడ్డలు. దేవుడు మనమీద అలిగి ముసుగు తన్ని పడుకున్నాడనుకునేవాణ్ణి. పెద్ద గురువారం పూజలో మోగిన గంట మళ్ళీ పాస్కా జాగరణ దాకా మోగదు. దాని బదులు కొయ్య పలకలు టకటకలాడించడమే. ఆ పలకలు ఒక్కసారి నా చేతికి వస్తాయని ఉపదేశి గారింటికి ఏడాది పొడుగునా నీళ్ళు మోశాను. తీరా ఆ ఏడు ఆయన తన మేనల్లుడికి ఇచ్చుకున్నాడు. ఆ బాధ ఇంకా ఉంది.

తిండి సంగతి చెప్పాలి. 1917 నాటి తిరుసభ చట్టం ప్రకారం 21 ఏళ్ళు నిండినవాళ్ళు, 59 దాటనివాళ్ళు, ఆదివారాలు మినహా తపస్సు కాలమంతా ఒక్కపొద్దుండాలి. అంటే నిండు భోజనం ఒక్క పూటే. శుక్ర, శనివారాలు దాంతోపాటు శుద్ధభోజనం, ఇంట్లో మాంసం పొయ్యెక్కదు. ఏడేళ్ళు నిండిన పిల్లలకీ ఆ రెండోది తప్పదు. కాయకష్టం చేసేవాళ్ళకి ఒక్కపొద్దు నుంచి సడలింపు ఉండేది. మా నాన్న తెల్లారింది మొదలు మిరపచేలో నడుం వంచేవాడు. అంతకంటే కాయకష్టం ఏముంటుంది? అయినా సడలింపు వాడుకోలేదు. పొద్దున మజ్జిగ నీళ్ళు, మధ్యాహ్నం జొన్నన్నం గోంగూర, రాత్రికి నాలుగు వేయించిన శనగలు. చీకటి పడ్డాక దుఃఖ రహస్యాల జపం. మోకాళ్ళమీద ఉండి నిద్రతో తూలిపోతే ఆయన జపమాల ఆపకుండానే నా వీపు మీద ఒక్కటి చరిచేవాడు. ఆ చరుపు కూడా మంగళవార్త జపంలో భాగమేనని చాలాకాలం నమ్మాను.

పొయ్యి పక్కన నాయనమ్మకి ఒక చిన్న కుండ ఉండేది. రాత్రి వండని పూట బియ్యం ఇంట్లోనే మిగిలిపోతే అది ఒక్కపొద్దు కాదు, పిసినారితనం అనేది ఆవిడ. ఎవరు ఎంత మానుకుంటే అంత ఆ కుండలో పడాలి. మట్టల ఆదివారం నాటికి నిండితే వీధి చివర మొగుడు పోయిన ఆవిడ ఇంటికి పోయేది. మోసుకెళ్ళడం నా వంతు, ఎవరిచ్చారో చెప్పకుండా రావడం కూడా నా వంతే.

ఇప్పుడు మా మనవడు ఈ తపస్సు కాలానికి ఇన్‌స్టాగ్రామ్ మానేశానన్నాడు. మెచ్చుకున్నాను. రాత్రి పదకొండున్నరకి చూస్తే యూట్యూబ్‌లో ఉన్నాడు. "తాతయ్యా, ఇది వేరే యాప్" అన్నాడు. పోయినేడు పిజ్జా మానేశాడు. ఆ డబ్బులేం చేశావురా అంటే బ్లూటూత్ చెవికమ్మలట. గుడి గుమ్మంలో ఆకలి రోగాల నిధికి కారిటాస్ వాళ్ళ కవరిస్తే ఒకప్పుడు నాణేలు వేసి నాలుకతో తడిపి అంటించేవాళ్ళం. ఇప్పుడు గోడ మీద నల్లచుక్కల గడి. దానికి ఫోన్ చూపించి వచ్చేస్తారు. కుండలో బియ్యం పడిన చప్పుడు దానికెక్కడిది?

సత్ప్రసాదం ముందు ఉపవాసం కూడా అంతే. నేను మొదటి సత్ప్రసాదం పుచ్చుకున్న రోజుల్లో అర్ధరాత్రి దాటాక మెతుకు తగలకూడదు. పెద్దపూజలో ఇద్దరు ముగ్గురు పిల్లలు కళ్ళు తిరిగి పడడం మామూలే. 1957లో పయస్ పోపుగారు దాన్ని మూడు గంటలు చేశారు, 1964లో పౌలు పోపుగారు ఒక గంటకి దించారు. మా నోయిడా ఫ్లాటు నుంచి ఢిల్లీ గోల్ డాక్ ఖానా దగ్గరి పెద్దగుడికి మెట్రో మారి చేరేసరికి ఆ గంట ఎటూ అయిపోతుంది. ఇడ్లీ తిని లిఫ్టు ఎక్కినవాడు కూడా నియమం పాటించినట్టే లెక్క.

ఇక శుక్రవారం శుద్ధభోజనం. చేప మాంసం కింద రాదని పాత చట్టం. మా ఇంట్లో దాని అర్థం ఎండుచేపల పులుసు, అదీ ఉంటే. ఢిల్లీలో దాని అర్థం వెన్న రాసిన ఫిష్ టిక్కా. గరిటెడు కోడి రసం తాగితే దోషం, కంచం నిండా రొయ్యల వేపుడు తింటే పుణ్యం! నిరుడు ఒక శుక్రవారం మా అబ్బాయి ఆ టిక్కా తెప్పించి నాకూ ఒక ముక్క పెట్టాడు. తిన్నాను. బాగుంది. అదే నా కోపం.

నేను ఢిల్లీ వచ్చింది 1968లో. బెజవాడలో జీటీ ఎక్కి, గుమాస్తా ఉద్యోగానికి. గోల్ మార్కెట్ పక్కన ఒక గదిలో నలుగురం తెలుగువాళ్ళం. హెన్రీ మెడ్ అనే ఇంగ్లీషాయన నక్షా గీసిన పెద్దగుడికి నడిచిపోయే దూరం. గుడి చూసి మొదట భయపడ్డాను. ఫిరంగిపురంలో దేవుడు నన్ను పేరు పెట్టి ఎరుగును, ఇక్కడ గుర్తుపడతాడా అని. పవిత్ర శుక్రవారం మూడు గంటల ప్రార్థన అయ్యి బయటికొస్తే కడుపులో పేగులు అరుస్తుండేవి. గుడి పక్కనే బంగ్లా సాహిబ్ గురుద్వారా. తలకి జేబురుమాలు కట్టుకుని పంక్తిలో కూర్చునేవాళ్ళం. రొట్టె, పప్పు. మాంసం ఉండదు కాబట్టి శుద్ధభోజనం భంగం కాదు, ఆ రోజుకి అదొక్కటే భోజనం కాబట్టి ఒక్కపొద్దూ నిలిచింది. రోమాపురి శాసనానికి సిక్కుల వంటశాల అంత చక్కగా సరిపోతుందని ఎవరూహించారు! మాలో ఒకడు రెండో రొట్టెకి చెయ్యి చాపితే "పాపసంకీర్తనంలో చెప్పుకోవాల్సి వస్తుందిరా" అని గిచ్చేవాళ్ళం.

ఈ కాలంలో మంచి ఏమీ లేదని అనను. మట్టల ఆదివారం పాతఢిల్లీ స్టేషన్ దగ్గరి మరియమ్మ గుడి నుంచి పెద్దగుడి దాకా సిలువ మార్గం నడిచే ఆచారం ఈమధ్య కాలంలోది, మా రోజుల్లో నేనెరగను. మోకాళ్ళు ఒప్పుకున్నన్నాళ్ళు నేనూ వెనకాల నడిచాను. తమిళులు, మలయాళీలు, జార్ఖండ్ నుంచి వచ్చిన పిల్లలు, ఎవరి భాషలో వాళ్ళు ఏడుస్తూ. 2025 ఏప్రిల్ 13న ఆ ఊరేగింపుకి అనుమతి రాలేదు. గుడి ఆవరణలోనే పద్నాలుగు స్థలాలూ తిరిగారు. నేను ఇంట్లో ఉండి విన్నాను. నడవలేనివాడికి కూడా నడక ఆగిపోతే ఎందుకో కాళ్ళు నొప్పి పుట్టాయి.

మా ఎదురు ఫ్లాటు ముసలావిడది మధుర వైపు. ఈ మార్చిలో నవరాత్రులు రాగానే లిఫ్టు దగ్గర పట్టుకుని, వాళ్ళ కోడలు వ్రతమంటూ కుట్టుపిండి పూరీలూ పనీర్ కూరా ఉన్న థాలీ ఆర్డరు చేస్తోందని మొత్తుకుంది. తన రోజుల్లో రెండు పళ్ళూ పాలేనట. నేను ఫిష్ టిక్కా కథ చెప్పాను. ఇద్దరం పదో అంతస్తు నుంచి కిందికి దిగేదాకా హాయిగా సణుక్కున్నాం. కింద గేటు దగ్గర కాపలా కుర్రాడు నిలబడి ఉన్నాడు. ఈసారి రంజాను మా విభూది బుధవారం పక్కనే మొదలైంది. నెలరోజులు పన్నెండు గంటల డ్యూటీ మంచినీళ్ళు కూడా లేకుండా చేశాడతను. మా ఇద్దరి సణుగుడూ గేటు దాటి పోలేదు.

ఇంతకీ నా పరువు తీసింది మా మనవడే. నేను నాన్న ఒక్కపొద్దుల గురించి మూడోసారో నాలుగోసారో చెబుతుంటే ఫోన్లో ఏదో వెతికి, "తాతయ్యా, నువ్వు పుట్టింది 1946 జూన్ కదా?" అన్నాడు.

"అవును."

"అంటే 21 నిండింది 1967లో. పోపుగారు రూలు మార్చింది 1966 ఫిబ్రవరిలో. అప్పటినుంచి విభూది బుధవారం, గుడ్ ఫ్రైడే, రెండు రోజులే. నలభై రోజుల ఒక్కపొద్దు నీకు ఎప్పుడూ లేదు."

నోట మాట రాలేదు. వాడు ఆగలేదు. 1968 తపస్సు కాలం నుంచి నాకు 59 నిండిన 2005 దాకా 38 ఏళ్ళు, ఏడాదికి రెండు. మొత్తం 76 రోజులు. అంతే నా జీవితకాలపు ఒక్కపొద్దులు. ఏటా నలభై చొప్పున మా నాన్న వాటిని రెండేళ్ళలో ఉండేశాడు.

నిజమే. వయసు రావాలని ఎదురుచూసినవాణ్ణి. నాన్నలాగా మధ్యాహ్నం దాకా ఆగి, గంభీరంగా కంచం ముందు కూర్చోవాలని ఉండేది. నేను గడప దగ్గరికి చేరేసరికి తలుపే తీసేశారు. 1966లో ఆ కబురు మా గుళ్ళో చదివిన రోజు ఇంటికొచ్చి, "ఇక రెండు రోజులే నాన్నా" అన్నాను. ఆయన మజ్జిగ నీళ్ళ గ్లాసు కింద పెట్టి, "పోపుగారు మాఫీ చేశారు, అప్పు నాది కదరా" అన్నాడు. పోయేదాకా నలభై రోజులూ ఉన్నాడు. నేను మాత్రం మాఫీ తీసుకున్నాను. ఈ ముక్క మా మనవడికి చెప్పలేదు.

మొన్న శుక్రవారం పంతం పట్టి ఒక్కపొద్దన్నాను. కోడలు షుగరు మాత్ర చేతిలో పెట్టి, "మావయ్యా, ఎనభై ఏళ్ళకి ఇవన్నీ వద్దు" అంటూ నాలుగు ఇడ్లీలు వడ్డించింది. రెండు చాలన్నాను. మనవణ్ణి పిలిచి, 76కి పక్కన ఒక అర రాయమన్నాను. మిగిలిన రెండు ఇడ్లీలు ఎవరికివ్వాలో మాత్రం తోచలేదు. గేటు దగ్గర కుర్రాడి రోజాలు అయిపోయాయి కదా, డబ్బాలో పెట్టి వాడికి పంపించాను. కొబ్బరి పచ్చడి లేదేమని అడిగాడట.