కటికి దారి జీపుని నేను

బొర్రా గుహల దగ్గర జనాన్ని ఎక్కించుకుని కటికి జలపాతానికి తీసుకెళ్లడం నా పని. దూరం తక్కువే, కానీ దారంతా రాళ్లు, గుంటలు, వానాకాలమైతే బురద. మామూలు కార్లు గుహల దగ్గరే ఆగిపోతాయి. అక్కణ్నుంచి నాలాంటి పాత జీపులే దిక్కు.

మా నమూనా పేరు సీజే 3బీ. 1953లో అమెరికాలో విల్లీస్ వాళ్లు తెచ్చారు. కొత్త ఇంజను ఎత్తుగా ఉండడంతో బానెట్టు కూడా ఎత్తు చేశారు. ఆ ఎత్తు ముఖమే మా గుర్తు. అక్కడ 1968లో తయారీ ఆగిపోయినా ఇక్కడ మహీంద్రా వాళ్లు ఇంకా చాలా ఏళ్లు చేశారు. నా ముందు ఇరుసుకీ వెనక ఇరుసుకీ మధ్య 80 అంగుళాలే. కొండదారిలో ఆ పొట్టితనమే నా బలం. కానీ బండి పొట్టిదైతే వెనక ప్రొపెల్లర్ షాఫ్టూ పొట్టిదే. వెనక కాస్త ఎత్తు పెంచినా దాని వాలు బాగా మారిపోతుంది.

నాకు ఎత్తు పెంచారు. బండి అడుగు రాళ్లకు తగులుతోందని వెనక కమాను కట్టల కొసలను చట్రానికి కలిపే షేకిళ్లు తీసేసి పొడుగువి బిగించారు. ఆ తర్వాత అనంతగిరి ఘాటు దిగి 40 కిలోమీటర్ల వేగం అందుకుంటే చాలు, కాళ్ల కింద రేకు వణికేది. బయల్దేరేటప్పుడూ రివర్సు వేసినప్పుడూ 'టంగ్'మని ఒక దెబ్బ. షాఫ్టు కొసల్లోని క్రాసులు మారిస్తే కొత్తవీ తొందరగానే అరిగాయి. ఒక షెడ్డులో వెనక ఇరుసులోని క్రౌన్ పోయిందన్నారు. హౌసింగ్ విప్పి క్రౌను, పినియను కొత్తవి వేశారు. డ్రైవరు సీజను సంపాదనంతా అందులోనే పోయింది. వణుకు పోలేదు, దెబ్బా పోలేదు. చప్పుడు వినపడ్డ చోటే జబ్బుందని నమ్మి విప్పేసే తొందర వల్ల మా పాత బళ్లకు చాలా అన్యాయం జరుగుతోంది.

ఎస్.కోటలో ఒక ముసలి మేస్త్రి మాత్రం పానా ముట్టుకోకుండా ముందు బండెక్కాడు.

"ఏటిరా అబ్బాయ్, ఏ గేర్లో వణుకుతంది?"

"అన్నిట్లోనూ మేస్త్రిగారూ, నలభై దాటితే చాలు."

టాప్ గేర్లోనూ దాని కింది గేర్లోనూ అదే వేగంలో చూశాడు. తర్వాత న్యూట్రల్ చేసి నన్ను దొర్లనిచ్చాడు. ఇంజను జోరు తగ్గింది గానీ వణుకు తగ్గలేదు. అంటే జబ్బు ఇంజన్లో లేదు, క్లచ్చులో లేదు. చక్రాలతో పాటు తిరిగే వాటిలో ఉంది. పైగా వణుకు సన్నగా, గబగబా వస్తోంది. చక్రం వంకరైతే అంత గబగబా రాదు. నా చక్రం ఒక్క చుట్టు తిరిగేలోపు షాఫ్టు 5.38 చుట్లు తిరుగుతుంది.

చక్రాలకు కట్టెలు పెట్టించాకే కిందికి దూరాడు. నా హ్యాండ్‌బ్రేకు పట్టేది చక్రాల దగ్గర కాదు, ట్రాన్స్‌ఫర్ కేసు వెనకున్న డ్రమ్ము మీద. వెనక షాఫ్టు విప్పితే వెనక చక్రాలకు ఆ బ్రేకు లేనట్టే. వాలులో ఈ సంగతి మరిచిపోతే బండి కిందున్న మనిషి ప్రాణం పోతుంది.

షాఫ్టుకి రెండు కొసలా క్రాసులుంటాయి. వంపులో తిరిగే క్రాసు ప్రతి చుట్టులోనూ వేగాన్ని రెండుసార్లు పెంచి రెండుసార్లు తగ్గిస్తుంది. రెండు కొసల వంపులూ సమానమైతే ఒకటి చేసిన హెచ్చుతగ్గును రెండోది సరిచేస్తుంది. పొడుగు షేకిలు నా కమాను కట్ట వెనక కొసను కిందికి దించింది. దాంతో ఇరుసు కాస్త తిరిగి పినియన్ ముక్కు పైకి లేచింది. పై క్రాసుకు వంపు పెరిగింది, కింది క్రాసుకు తగ్గింది. వణుకు అందుకే, క్రాసులు నిలవకపోవడమూ అందుకే.

ఇక ఆ దెబ్బ. షాఫ్టు పట్టి ఊపి చూస్తే క్రాసు మూతల చుట్టూ ఎర్రటి తుప్పు పొడి. మేస్త్రి అక్కడితో ఆగలేదు. టేపు పట్టి రెండు వైపులా ఇరుసుకీ ఇరుసుకీ మధ్య కొలిచాడు. ఎడమ పక్క వేలెడు తక్కువొచ్చింది. యూ బోల్టులు విప్పితే సెంటర్ బోల్టు తెగి ఉంది. పట్టీలను కట్టగా కలిపేది ఆ బోల్టే. దాని తల ఇరుసుకున్న గుంటలో కూర్చుని ఇరుసును కదలనివ్వదు. అది తెగి, యూ బోల్టులు కూడా సడలడంతో క్లచ్చు వదిలిన ప్రతిసారీ ఇరుసు జరిగి కొట్టుకుంటోంది. కమాను కట్ట కుదుపు కాచడానికేనని చాలామంది అనుకుంటారు. ఇరుసును దాని చోట నిలబెట్టేదీ, పినియన్ చూపు మారకుండా పట్టి ఉంచేదీ అదే. క్రౌన్ విప్పేముందు దాన్నొకసారి చూసుంటే డ్రైవరు డబ్బు మిగిలేది.

పాత కొలత షేకిళ్లు మళ్లీ ఎక్కాయి. సెంటర్ బోల్టు, యూ బోల్టులు, క్రాసులు కొత్తవి. షాఫ్టు కలిపేటప్పుడు రెండు కొసల చెవులూ ఒకే వరసలో ఉన్నాయని చూసుకుని మరీ తొడిగాడు.

"కొన్నాళ్లు కటికి తిప్పి మళ్లీ తీసుకురా. కట్ట అణిగాక యూ బోల్టులు సడల్తాయి, బిగించాల."

డ్రైవరు మరిచిపోకుండా తీసుకెళ్లాడు. పానా వేస్తే ఒక్కో నట్టూ అర చుట్టు దాకా పట్టింది.