నాలో లేని గడి: ఒక రసీదు పుస్తకం ఆత్మకథ

నేను రసీదు పుస్తకాన్ని. వంద రసీదులు, ఒక్కోదానికీ ఒక కార్బన్ నకలు, కుడిమూలన ఎర్రసిరాలో వరుస అంకె. ఊరు బెంగళూరు కాబట్టి నా నుదుటి మీద సంస్థ పేరు పైన కన్నడంలో, కింద ఇంగ్లీషులో ఉంటుంది. తెలుగు నా మీద అచ్చులో లేదు గానీ నా ముందు నిలబడే మనుషుల నోళ్లలో కావలసినంత వినిపిస్తుంది. అందుకే ఈ నాలుగు మాటలూ తెలుగులో చెప్పుకుంటున్నాను. రసీదు పుస్తకాలన్నీ ఒక తల్లి పిల్లలే అయినా కొలువులు వేరు. కొన్ని వినాయక చవితి చందాలకు పోతాయి, కొన్ని నవంబరులో కన్నడ రాజ్యోత్సవానికి వీధి వీధీ తిరుగుతాయి. నా కొలువు చిత్రకారుల మధ్య. పిల్లలకు బొమ్మల తరగతులు నడపాలన్నా, రిహార్సల్ హాలు కప్పు బాగుచేయించాలన్నా, పేటలోని ఏ చిన్న కళాసంస్థ అయినా ముందు తలుపు తట్టేది ఊళ్లోని చిత్రకారులదే. తలా ఒక బొమ్మ ఇమ్మంటారు, గోడలకు తగిలిస్తారు, అమ్మిన డబ్బు నిధికి జమ చేస్తారు. అమ్మకం బల్ల మీద నేనుంటాను. బొమ్మ కొన్నవారి చేతికి ఒక్కో కాగితంగా చిరిగి వెళ్తాను. బొమ్మ ఇచ్చినవారి చేతికి వెళ్లడానికి మాత్రం నాలో కాగితం లేదు. నా ఒంటి మీది గడులు మూడే: ఎవరి నుంచి, ఎన్ని రూపాయలు, నగదా చెక్కా. నా ఆత్మకథ ఆ మూడు గడుల గురించి కాదు, లేని నాలుగోదాని గురించి.

ఆ గడి లేకపోవడం అచ్చాఫీసువాడి పొరపాటనుకోకండి. నా అడుగున చిన్న అక్షరాల్లో ఆదాయపు పన్ను చట్టంలో దానాల మినహాయింపు సెక్షన్ ఫలానా అని ఒక ముక్క ఉంటుంది. నన్ను భద్రంగా పర్సులో పెట్టుకునేది చాలామంది ఆ ముక్క కోసమే. గుర్తింపు ఉన్న ధర్మసంస్థకు డబ్బు ఇస్తే, పాత పన్ను పద్ధతిలో ఉన్నవారు సాధారణంగా అందులో సగాన్ని పన్ను కట్టే ఆదాయంలోంచి తగ్గించుకోవచ్చు. నగదైతే 2,000 రూపాయలు దాటకూడదు. కానీ ఆ సెక్షన్ డబ్బును మాత్రమే దానంగా గుర్తిస్తుంది. వస్తువు ఇస్తే మినహాయింపు లేదు. దీని అర్థం ఏమిటో ఒక లెక్క వేసి చూడండి. ఒకరు 10,000 రూపాయలకు చెక్కు రాశారు. పక్కనే ఒక చిత్రకారిణి రెండు నెలలు కూర్చుని గీసిన, బయట 40,000 పలికే చిత్రం తెచ్చి పెట్టింది. చట్టం దృష్టిలో మొదటివారు దాత. రెండోవారు ఎవరూ కాదు. (బొమ్మ కొని ఇంటికి పట్టుకెళ్లినవారిది దానమా, కొనుగోలా అన్నది ఇంకో చిక్కు. దాని జోలికి ఇప్పుడు పోను.) అమెరికాలో ఇదే తరహా నియమం 1969లో వచ్చింది. అంతకుముందు తన బొమ్మను మ్యూజియానికి ఇచ్చిన చిత్రకారుడు దాని మార్కెట్ ధరను పన్ను లెక్కలో చూపుకోగలిగేవాడు. ఆ తర్వాత రంగుల ఖర్చూ, కాన్వాసు ఖర్చూ మాత్రమే చూపుకోవాలి. అదే బొమ్మను కొనుక్కున్న ధనవంతుడు దానం చేస్తే మాత్రం పూర్తి ధర! న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియానికి ఆ మార్పుకు ముందు మూడేళ్లలో చిత్రకారుల నుంచి అందినవి 321 కృతులు, తర్వాతి మూడేళ్లలో 28. చిత్రకారుల మనసులు ఒక్క ఏడాదిలో ఎండిపోయాయని ఎవరైనా అంటే నేను నమ్మను. లెక్కకు రాని చోట ఇవ్వడం తగ్గిపోయింది, అంతే.

ఇక్కడ ఒక పెద్దమనిషి అభ్యంతరం నాకు ముందే వినిపిస్తోంది. దానానికి లెక్కేమిటమ్మా, కుడిచేత్తో ఇచ్చింది ఎడమచేతికి తెలియకూడదు కదా, కళకు కూడా రసీదు రాస్తే ఇక కోమటికొట్టుకూ దీనికీ తేడా ఏముంది అంటారు. మన ఆచారం అలా లేదని మర్యాదగానే చెబుతాను. మా వంశంలో పెద్దక్క పెళ్లిపందిట్లో చదివింపుల పుస్తకం. నూటపదహార్లు ఎంత శ్రద్ధగా రాస్తారో, ఇత్తడి బిందె ఒకటి, గోడగడియారం ఒకటి అని అంతే శ్రద్ధగా పేరు పక్కన రాస్తారు. గట్టిగా చదివి మరీ రాస్తారు. ఇంకా వెనక్కి వెళ్తే మా ముత్తాతలు రాళ్లు. ద్రాక్షారామం గుడి గోడల మీది శాసనాలు చూడండి: అఖండదీపానికి నేతి కోసం ఫలానావారు ఇన్ని గొర్రెలు ఇచ్చారని అంకెతో సహా చెక్కారు. గొర్రెలను రూపాయల్లోకి మార్చాకే దానమని ఎవరూ అనలేదు. గుప్తదానం గొప్పదే, కాదనను. కానీ పేరు వద్దనే హక్కు ఇచ్చేవాడిది. పుచ్చుకునేవాడు తానే ముందుగా పేరు కొట్టేసి, ఇది గుప్తదానం అనడం మాత్రం వింతగా ఉంటుంది.

అసలు నష్టం పేరు దగ్గర ఆగదు. ఒక బొమ్మ గోడమీదికి రావడానికి కాన్వాసు, రంగులు, ఫ్రేము, ఆటో కిరాయి కావాలి. ఇవన్నీ చిత్రకారుడి జేబులోంచి ముందే పోయిన నగదు. గ్యాలరీల మీద చిత్రకారులకు పాత కోపం ఉంది, అమ్మితే మూడో వంతు నుంచి సగం దాకా కమిషను పట్టుకుంటారని. ఆ కోపంలో న్యాయం ఎంతో నేను తేల్చను గానీ, ఆ గ్యాలరీ కూడా మిగతా సగం చిత్రకారుడి చేతిలో పెడుతుంది. నిధిసేకరణ బల్ల మాత్రం నూటికి నూరూ తీసుకుని ధన్యవాదాలు చెబుతుంది. ఇదే ఊళ్లో కుమారకృపా రోడ్డు మీద కర్ణాటక చిత్రకళా పరిషత్తు రెండు దశాబ్దాలకు పైగా ఏటా జనవరి ప్రాంతంలో నడుపుతున్న చిత్రసంతెను పక్కన పెట్టి చూడండి. ఒక్క ఆదివారం రోడ్డంతా బొమ్మలే. వెయ్యికి పైగా కళాకారులు ఎండలో కూర్చుని నేరుగా అమ్ముకుంటారు. కరోనా కాలంలో 2021లో ఆన్‌లైన్‌లో నడిచింది, 2024లో ఇస్రో శాస్త్రవేత్తలకు అంకితమైంది. ఆ సంతకొచ్చే జనం కళను ప్రేమించడం మానలేదు, బేరమాడుతూనే ప్రేమిస్తున్నారు. డబ్బు చేతులు మారితే కళ మైలపడుతుందన్న మాట బెంగళూరులో ఏటా అబద్ధమవుతూనే ఉంది.

సంస్థల వాదన ఇంకోటుంది, అది బలమైనదే. అమ్మిన ధరలో చిత్రకారుడికి, మాటవరసకు, ముప్ఫై శాతం ఇస్తే నిధికి ఆ ముప్ఫై తగ్గదా అంటారు. ఒక్క సాయంత్రం లెక్క తీస్తే తగ్గుతుంది. హాలు అద్దె, దీపాలు, కాఫీ, అన్నీ చిన్న సంస్థకు భారమే, అదీ నిజమే. అయితే ఈ లెక్కలో ఒక రహస్యం దాగి ఉంది. ఉత్తినే అడిగిన చోటికి చాలామంది తమ మంచి బొమ్మను పంపరు. ఇంట్లో గోడకానించి అమ్ముడుపోక మిగిలిన బొమ్మను పంపుతారు. ఇది చిత్రకారుల దుర్బుద్ధి కాదు, ఎవరైనా చేసే పనే. అలాంటి బొమ్మ తక్కువకు పోతుంది. కొన్నవాడు రేపు ఆ చిత్రకారుడి స్టూడియోకు వెళ్లి, మొన్న అక్కడ మూడు వేలకే ఇచ్చారు కదా అని అడుగుతాడు. అలా ఒక మంచిపని ఒకరి ఏడాది సంపాదనను కుదించేస్తుంది. ఈ ముడిని విప్పినవారు లేకపోలేదు. లండన్ రాయల్ కాలేజ్ ఆఫ్ ఆర్ట్ 1994లో మొదలుపెట్టిన పద్ధతిలో పేరున్నవారూ విద్యార్థులూ ఒకే కొలత పోస్టుకార్డు మీద బొమ్మ వేస్తారు. సంతకం వెనకవైపు. ధర అందరికీ ఒకటే. కొన్నాక తిప్పి చూసుకుంటేనే ఎవరిదో తెలుస్తుంది. ఇచ్చేవారికి పోయేది ఒక పూట పని, పెద్ద కాన్వాసు కాదు. ధర తగ్గించి అమ్మారన్న మచ్చా రాదు. 2020 మార్చిలో లాక్‌డౌన్ మొదట్లో మాథ్యూ బరోస్ అనే చిత్రకారుడు బ్రిటన్‌లో మొదలుపెట్టిన ఏర్పాటు ఇంకా సూటిగా ఉంది: ఒక్కో కృతి 200 పౌండ్లు మించకుండా అమ్ముకో, అమ్మకం 1,000 పౌండ్లకు చేరితే అందులో 200 పెట్టి ఇంకో చిత్రకారుడి బొమ్మ కొను. సంపాదించినవాడే ఇవ్వగలడని ఆ ఏర్పాటుకు తెలుసు.

ప్రచారం వస్తుంది కదా అనే మాటకు ఎక్కువ జవాబు అక్కర్లేదు. మల్లేశ్వరం మార్కెట్లో ప్రచారం తూచి కూరగాయలు ఇవ్వరు.

నన్ను నిజంగా ఆలోచనలో పడేసేది చివరి అభ్యంతరం. ఈ నిధి ఎవరి కోసం? కళాకారుల కోసమే. ఆ హాలులో రేపు బొమ్మలు పెట్టేది వాళ్లే, ఆ తరగతుల్లో పాఠం చెప్పేది వాళ్లే. సొంతింటికి సున్నం వేస్తూ కూలి అడుగుతారా? అడగరు, ఒప్పుకుంటాను. అయితే ఇల్లు సొంతమేనా అన్న ప్రశ్న మిగిలింది. 1966లో మద్రాసు శివార్లలో కె.సి.ఎస్. పణిక్కర్ చుట్టూ చేరిన చిత్రకారులు చోళమండలం అనే కళాకారుల గ్రామం కట్టుకున్నారు. కాన్వాసులను ధారపోయలేదు. చేతివృత్తుల సంఘం పెట్టి బాతిక్ గుడ్డలు అద్ది అమ్మారు, ఆ డబ్బుతో నేల కొన్నారు, ఆ నేలకు తామే యజమానులయ్యారు. వారిలో ఒకరైన ఎస్.జి. వాసుదేవ్ తర్వాత బెంగళూరు వచ్చి స్థిరపడ్డారు. దీనికి ఎదురుగా కస్తూర్బా రోడ్డు చూడండి. మైసూరు ఆస్థానానికి పనిచేసిన చిత్రకారుడు కె. వెంకటప్ప పేరిట 1975లో అక్కడ గ్యాలరీ వెలిసింది. ఊళ్లోని ఎన్నో తరాల చిత్రకారులు తొలి ప్రదర్శనలు పెట్టుకున్న చోటు. దాన్ని ఒక ప్రైవేటు సంస్థ చేతిలో పెట్టే ఒప్పందం బయటపడగానే 2016లో చిత్రకారులు వీధికెక్కాల్సి వచ్చింది. తమదనుకున్న ఇంటి గురించి తమను అడగలేదన్నదే వారి గోడు. కాబట్టి సొంతిల్లు అనే మాటను నేను ఒక షరతుతో ఒప్పుకుంటాను. బొమ్మ ఇచ్చినవారికి నిధి ఎలా ఖర్చవుతుందో తేల్చే చోట ఒక కుర్చీ వేయండి, అప్పుడు కూలి మాట ఎత్తను.

కాగితం విలువ ఈ ఊరికి ఇంకో విధంగానూ తెలుసు. చిత్రకారుడు స్వెతోస్లావ్ రోరిక్ తన చిత్రాలనూ తండ్రి నికొలస్ చిత్రాలనూ చిత్రకళా పరిషత్తుకు ఇచ్చారు. ఇవాళ అవి రోరిక్ పేరుతో గ్యాలరీలో ఉన్నాయి, ఎవరు ఇచ్చారో బడిపిల్లలకు కూడా తెలుస్తుంది. ఆయనా, వాల్తేరులో పుట్టిన ఆయన భార్య, సినీనటి దేవికారాణీ కనకపుర రోడ్డు మీద కాపురమున్న తాతగుణి ఎస్టేటు కథ వేరు. అది వివాదాల్లో చిక్కి, ప్రభుత్వం 1996లో చట్టం చేసి తీసుకుంటే, ఆ చట్టం చెల్లుతుందని సుప్రీంకోర్టు తేల్చేసరికి 2011 వచ్చింది. చిన్న చిత్రకారుడికి ఇంత పెద్ద కథ ఉండదు గానీ కాగితం అవసరం మాత్రం ఉంటుంది. 1957 కాపీరైటు చట్టంలో 1994 సవరణతో చేరిన 53ఎ సెక్షన్ ప్రకారం, మొదటి అమ్మకం తర్వాత చిత్రం మళ్లీ 10,000 రూపాయలకు మించి అమ్ముడైతే చిత్రకారుడికి అందులో వాటా అడిగే హక్కుంది, పది శాతం మించకుండా. ఆ బొమ్మ మొదట ఏ గోడ మీదినుంచి ఎవరింటికి వెళ్లిందో రాసిన ముక్క లేకపోతే ఆ హక్కును ఎక్కడ పట్టుకుంటారు? అలాగే బొమ్మ ఇచ్చినంత మాత్రాన కాపీరైటు ఇచ్చినట్టు కాదు, రాసి సంతకం పెడితేనే అది చేతులు మారుతుంది. ఈ తేడా తెలిస్తే ఇవ్వడానికి దారులు పెరుగుతాయి. యునిసెఫ్ గ్రీటింగ్ కార్డులు 1949లో ఒక చెక్ గ్రామపు ఏడేళ్ల పాప వేసిన బొమ్మతో మొదలయ్యాయి. తర్వాత ఎందరో చిత్రకారుల బొమ్మలు ఆ కార్డులకెక్కాయి. అసలు బొమ్మ చెక్కుచెదరకుండా అచ్చు మాత్రమే దానమయ్యే దారి అది. చిత్తూరు జిల్లాలో 1925లో పుట్టి, పారిస్‌లో ఒకే పలక మీద అనేక రంగులు ఒకేసారి అద్దే పద్ధతిని రూపుదిద్దినవారిలో ఒకరైన కృష్ణారెడ్డి పేరు చెబితే ముద్రణచిత్రాల వాళ్లకు నా మాట ఇట్టే అర్థమవుతుంది. ఒక పలక నుంచి వచ్చే కొన్ని ప్రతుల్లో ఒకటి ఇవ్వడమూ, ఉన్న ఒక్క కాన్వాసునూ ఇవ్వడమూ ఒకటి కాదు.

నా నూరో కాగితం దగ్గరపడింది. వచ్చే ప్రదర్శనకు నా స్థానంలో కొత్త పుస్తకం అచ్చవుతుంది. సంస్థ కార్యదర్శి గారికి నాదొక మనవి. రూ. అన్న గడి కింద ఇంకొక గీత గీయించండి: వస్తు రూపంలో. దాని పక్కన బొమ్మ పేరు, కొలత, చిత్రకారుడు చెప్పిన ధర, ఇంతకన్నా తక్కువకు అమ్మవద్దన్న అంకె, చిత్రకారుడి వాటా ఎంత శాతమో రాసే చోటు వదలండి. వాటా వద్దనుకునేవారు అక్కడ సున్నా రాసి సంతకం పెడతారు. పన్ను మినహాయింపు ఆ కాగితం తెచ్చిపెట్టలేదు, ఆ సంగతి కూడా దాని మీదే అచ్చు వేయించండి. ఒక గీతకు అచ్చాఫీసువాళ్లు అదనంగా ఏమీ తీసుకోరు.